రెపో రేటు మారినా మారని రెండు రూపాయలు

రెపో రేటు, అంటే ముంబయిలోని రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 2022 ఏప్రిల్‌లో 4 శాతం. 2023 ఫిబ్రవరికి అది 6.50 అయింది. 2025లో రిజర్వు బ్యాంకు నాలుగు విడతలుగా తగ్గించి డిసెంబరుకు 5.25కు తెచ్చింది. ఈ కాలమంతా ప్రకాశం జిల్లాలో మా నాగులుప్పలపాడు వైపు ఊళ్లలో ప్రామిసరీ నోటు మీద ఇచ్చే అప్పుకు వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలే. నమ్మకం తక్కువైన చోట మూడు రూపాయలు, బాగా కావలసినవాళ్లకు రూపాయిన్నర. ముంబయిలో రేటు పెరిగినప్పుడు ఇక్కడ పెరగలేదు, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ తగ్గలేదు.

నేను ఒంగోలులో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. వాళ్లలో చాలామంది బ్యాంకు పరీక్షలకో, గ్రూప్స్‌కో చదువుతుంటారు. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డును ఎప్పుడు పెట్టారంటే 1982 జూలై 12 అని తడుముకోకుండా చెబుతారు. రెపో రేటు, సీఆర్ఆర్, ద్రవ్యోల్బణం లక్ష్యం అన్నీ నోటికి వచ్చు. ఇంట్లో నోటు రాసి తెచ్చిన అప్పుకు ఏడాదికి ఎంత శాతం పడుతోందని అడిగితే మాత్రం "రెండు రూపాయలండీ" దగ్గర ఆగిపోతారు. శాతంలో చెప్పమంటే 2 శాతం అనేవాళ్లూ ఉన్నారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అదే పిల్లవాడు గృహరుణం 8 శాతమా, 9 శాతమా అని పక్కవాడితో వాదిస్తుంటాడు.

ఆర్థిక వ్యవస్థ, బ్యాంకింగ్, పరిశ్రమలు అనే జనరల్ నాలెడ్జ్‌ను ఉద్యోగ పరీక్ష రాసేవాళ్ల సరుకుగా మనం తీర్మానించేశాం. ఇది మా ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు చాలా నష్టం చేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. నెల జీతం మీద బతికే ఇంటికి ధరల ఊగిసలాట తగిలేది తక్కువ. శనగ, పొగాకు, వరి, రొయ్య మీద బతికే ఇల్లు ఏటా లక్షలు అప్పు తెచ్చి మట్టిలోనో నీళ్లలోనో పెడుతుంది. ఈ తెలివిడి ముందుగా చేరవలసింది ఆ ఇంటికి. చేరకపోవడం వల్ల పోతున్న డబ్బును కాగితం మీద లెక్క వేసి చూపించవచ్చు.

మూడు లక్షల పంట పెట్టుబడి తీసుకుందాం. నోటు మీద రెండు రూపాయలకు తెస్తే ఏడాది వడ్డీ 72,000. మూడు రూపాయలకైతే 1,08,000. అదే మూడు లక్షలు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా తీసుకుంటే 7 శాతం చొప్పున 21,000. గడువులోపల కట్టేస్తే కేంద్రం ఇంకో 3 శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి చివరికి పడేది 4 శాతం, అంటే 12,000. ఒకే చేను, ఒకే పంట, ఒకే వాన. అప్పు ఎక్కడ తెచ్చారన్న ఒక్క తేడాకు ఏడాదిలో 60,000 రూపాయలు. ఐదెకరాల రైతుకు ఆ డబ్బు చిన్నది కాదు.

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో మొదలైంది. 2018-19 నుంచి పశువులకు, చేపలు రొయ్యల పెంపకానికి కూడా వర్తింపజేశారు. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితి 2025 జనవరి 1 నుంచి 1.60 లక్షల నుంచి 2 లక్షలకు పెరిగింది. అంటే ఆ మొత్తం వరకు పొలాన్నీ బంగారాన్నీ తాకట్టు పెట్టమని బ్యాంకు అడగకూడదు. ఇది తెలిసిన రైతు బ్యాంకు మెట్లెక్కే తీరు వేరుగా ఉంటుంది. ఏ పంటకు ఎకరాకు ఎంత రుణం ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. దాన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. ఆ కాగితం మేనేజరు దగ్గర ఉంటుంది, రైతు దగ్గర ఉండదు.

ఇక్కడ మా మేనమామ నాకు ఎప్పుడూ చెప్పే సమాధానం ఒకటుంది. ఆయన శనగ రైతు. "ఒరే అబ్బాయ్, నాకు శాతాలు తెలియకనా? బ్యాంకుకు పోతే పొలం రికార్డులు 1బి అంటాడు, అడంగల్ అంటాడు, బాకీ లేదని నాలుగు బ్యాంకుల నుంచి నో డ్యూస్ తెమ్మంటాడు. విత్తనాల అదను వారం రోజులు కూడా ఉండదు. నోటు మీద ఇచ్చేవాడు రాత్రి ఎనిమిదింటికి పోయినా ఇస్తాడు." ఈ మాటను కొట్టిపారేయలేం. పల్లెలో వడ్డీ ఎందుకంత ఎక్కువ అన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రం చెప్పే జవాబులో సగం ఇందులోనే ఉంది. అప్పిచ్చేవాడికి తీసుకునేవాడి చేను తెలుసు, ఇల్లు తెలుసు, కిందటేడు పంట ఎంతయిందో తెలుసు. బ్యాంకుకు అవేవీ తెలియవు కాబట్టి కాగితాలు అడుగుతుంది. ఆ కాగితాలకు పట్టే రోజులకూ తిరుగుడుకూ ఒక ఖర్చుంది. దాన్ని తప్పించుకోవడానికే రైతు నెలకు నూటికి రెండు రూపాయలు కడుతున్నాడు.

అప్పిచ్చేవాడిని రాక్షసుడిగా చూపించడం కూడా నాకు ఇష్టం లేదు. మా ఊళ్లో వడ్డీకి ఇచ్చేవాళ్లలో రిటైరైన టీచర్లున్నారు, కొడుకు విదేశం నుంచి పంపిన డబ్బును తిప్పుకునే తల్లులున్నారు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే 6, 7 శాతం వస్తుంది. ఊళ్లో ఇస్తే 24. నోటు పోతే అసలే పోతుందన్న భయానికి కూడా వాళ్లు ఆ వడ్డీలో ధర కట్టుకుంటున్నారు. డబ్బు ఊళ్లోనే ఉంది. అది రైతుకు నేరుగా చేరినప్పుడు 24 శాతం, బ్యాంకు ద్వారా చేరితే 7 శాతం అవుతోంది. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని తగ్గించడానికే దేశంలో ఇన్ని బ్యాంకు చట్టాలు వచ్చాయి.

ఆ చరిత్రను పిల్లలకు తేదీలుగా నేర్పుతున్నాం. 1955 జూలై 1, స్టేట్ బ్యాంకు. 1969 జూలై 19, పద్నాలుగు బ్యాంకుల జాతీయకరణ. 1975 అక్టోబరు 2, మొదటి గ్రామీణ బ్యాంకులు. 1980 ఏప్రిల్ 15, మరో ఆరు బ్యాంకులు, అందులో మన ఆంధ్రా బ్యాంకు. ఈ తేదీల వెనక ఉన్న ఒక అంకెను ఎవరూ చెప్పరు. 1951-52లో దేశమంతటా గ్రామీణ రుణాల మీద పెద్ద సర్వే చేశారు. రైతు అప్పుల్లో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారుల దగ్గర తెచ్చినవే. సహకార సంఘాల వాటా 3 శాతం పైచిలుకు. వాణిజ్య బ్యాంకుల వాటా ఒక శాతం కూడా లేదు. ఇంపీరియల్ బ్యాంకును స్టేట్ బ్యాంకుగా మార్చి పల్లెలకు పంపమని ఆ సర్వే కమిటీయే చెప్పింది. ఈ అంకె తెలిస్తే 1955, 1969, 1975 ఒకే కథలో మలుపులని పిల్లవాడికి అర్థమవుతుంది. తేదీని మరచిపోయినా కథ మిగులుతుంది.

మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నెల్లూరులో పినాకిని గ్రామీణ బ్యాంకు ఉండేది. అది 2006లో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఆ ప్రగతి బ్యాంకు కూడా 2025 మే 1న రాష్ట్రంలోని మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డు మారినప్పుడల్లా ఊళ్లో ముసలివాళ్లు "మన డబ్బు ఏమవుద్దో" అని కంగారుపడతారు. విలీనంలో ఖాతాలూ డిపాజిట్లూ కొత్త బ్యాంకుకు బదిలీ అవుతాయి, ఒక్క రూపాయి కూడా పోదు. ఐఎఫ్ఎస్సీ కోడు, చెక్కుబుక్కు మారొచ్చు. అంతవరకే పట్టించుకోవాలి.

భయపడవలసిన చోటు వేరే ఉంది. బ్యాంకు మూతపడితే ఒక్కో డిపాజిటర్‌కు ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు అది ఒక లక్షే. వాణిజ్య బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు, సహకార బ్యాంకులకు ఇది వర్తిస్తుంది. ఊళ్లో మనం సొసైటీ అని పిలిచే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి వర్తించదు. అర శాతం వడ్డీ ఎక్కువ ఇస్తున్నారని కూతురి పెళ్లి డబ్బంతా సొసైటీలో దాచుకునేవాళ్లకు ఈ ఒక్క వాక్యం చెప్పేవాళ్లు లేరు. సొసైటీలన్నీ మునిగిపోతాయని నేను అనడం లేదు. బీమా ఉన్నచోటు, లేనిచోటు తెలిసి డబ్బు పంచి దాచుకోవాలంటున్నాను. చీటీల సంగతీ అంతే. 1982 చిట్ ఫండ్ చట్టం కింద నమోదైన చీటీకి రిజిస్ట్రార్ ఉంటాడు, నిర్వాహకుడు ముందుగా సెక్యూరిటీ కట్టాలి, కమీషన్ 7 శాతం దాటకూడదు. వీధి చివర అక్క వేసే చీటీకి ఆమె మంచితనం ఒక్కటే హామీ.

ఇక శనగ దగ్గరికి వస్తాను. మా నల్లరేగడి నేలల వాళ్లకు ఆర్థికశాస్త్రం నేర్పడానికి దీనికి మించిన పాఠం లేదు. ఫిబ్రవరి, మార్చిలో కోత. అందరి సరుకూ ఒక్కసారే వస్తుంది కాబట్టి అప్పుడు ధర తక్కువ. ఆగితే పెరుగుతుందన్న ఆశతో కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఆగడానికీ ఖర్చుంటుందన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. కోత సమయానికి క్వింటాలు 5,000 అనుకుందాం. రైతు నెత్తిమీద రెండు రూపాయల అప్పు ఉంటే, అమ్మకుండా ఆపిన ప్రతి క్వింటాలుకూ నెలకు 100 రూపాయల వడ్డీ నడుస్తుంది. ఎనిమిది నెలలకు 800. ఆపైన స్టోరేజీ అద్దె, సంచి, హమాలీ, తూకంలో తగ్గుదల. అంటే నవంబరులో క్వింటాలు 5,800 పలికినా రైతుకు ఒక్క రూపాయి మిగలలేదు, అద్దె చేతి నుంచి పడింది. అప్పు 7 శాతానిదైతే అదే ఎనిమిది నెలలకు క్వింటాలుకు అయ్యే వడ్డీ 233 రూపాయలు. ఆగి అమ్మడం ఎవరికి లాభమో ఇక్కడే తేలిపోతుంది. తక్కువ వడ్డీకి డబ్బు దొరికినవాడికి ఆగే శక్తి ఉంటుంది. నోటు మీద తెచ్చినవాడికి ఆ శక్తి లేదు, అయినా అతనూ ఆగుతాడు, పక్కవాడు ఆగాడు కాబట్టి.

2010ల మొదటి భాగంలో ఈ లెక్క మా జిల్లాను ఏడిపించింది. కాక్-2 రకం శనగకు మంచి ధర వచ్చిన ఏడాది చూసి అందరూ అదే వేశారు. తర్వాత ధర పడిపోయింది. సరుకు కోల్డ్ స్టోరేజీల్లో ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఆ సరుకు మీదే బ్యాంకుల్లో రుణం తెచ్చుకున్నారు కాబట్టి వడ్డీ పెరుగుతూ పోయింది, చివరికి బ్యాంకులు వేలం నోటీసులు పంపాయి. అప్పట్లో మా ఇళ్లలో అందరూ ధర గురించే మాట్లాడారు. ధర ఎవరి చేతిలోనూ లేదు. ఎన్ని నెలలు ఆగాలి, ఎంత సరుకు వెంటనే అమ్మి ఖరీదైన అప్పు తీర్చేయాలి అన్నది రైతు చేతిలో ఉంది. సగం సరుకు కోతకే అమ్మి నోటు అప్పు తీర్చి, మిగతా సగం ఆపుకున్న ఇళ్లు ఆ దెబ్బను తట్టుకున్నాయి. ఇది నేను చూసిన సంగతి, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

నెల్లూరు డెల్టాలో ఇదే కథ వరితో నడుస్తుంది. అక్కడ బేరం పుట్టి లెక్కన. పుట్టి అంటే 850 కిలోలు, ఎనిమిదిన్నర క్వింటాళ్లు. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది క్వింటాలుకు. 2024-25కు ఏ గ్రేడు ధాన్యానికి 2,320, 2025-26కు 2,389. ఈ అంకె పరీక్ష రాసే పిల్లలకు వస్తుంది. అదే అంకె పుట్టికి 19,720, 2025-26 ధరతో 20,306 రూపాయల పైన అవుతుందన్న సంగతి కల్లం దగ్గర నిలబడ్డ వాళ్ల నాన్నకు చెప్పాలి. పుట్టి 17,000 అని దళారి అంటే వినడానికి పెద్ద మొత్తంలా ఉంటుంది. ఎనిమిదిన్నరతో భాగిస్తే క్వింటాలు 2,000. అంటే 2024-25 మద్దతు ధర కంటే పుట్టికి 2,720 తక్కువ. తేమ పేరుతో, తరుగు పేరుతో పుట్టికి ఇన్ని కిలోలు ఎక్కువ తూచుకుంటే ధర ఇంకా దిగుతుంది. ఈ భాగహారం కోవూరులోనో, ఇందుకూరుపేటలోనో ప్రతి హైస్కూలు పిల్లకు రావాలి. లెక్కల పుస్తకంలో రైలు ఎన్ని గంటలకు స్టేషన్ దాటుతుందన్న ప్రశ్నకు బదులు ఇది పెట్టినా ఎవరికీ నష్టం లేదు.

రొయ్య దగ్గర పాఠం సముద్రం దాటిపోతుంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించగానే, అవి పూర్తిగా అమల్లోకి రాకముందే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోయింది. ఆగస్టు 27 నాటికి మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అప్పుడు చాలామంది అడిగారు, "పన్ను కట్టేది అమెరికా వాడు కదా, మాకు కౌంటు ధర (కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి కట్టే ధర) ఎందుకు తగ్గించారు?" అని. చాలా సరైన ప్రశ్న. పన్ను ఎవరి చేత్తో కడతారన్నది ఒకటి, దాని బరువు ఎవరి మీద పడుతుందన్నది ఇంకొకటి. అమెరికా కొనుగోలుదారుడికి ఈక్వెడార్ ఉంది, వియత్నాం ఉంది, ఇండొనేసియా ఉంది. మన రైతుకు చెరువులో వంద రోజులు పెరిగిన రొయ్య ఉంది. దాన్ని ఇంకో నెల ఆపితే మేత ఖర్చు, కరెంటు బిల్లు, వైరస్ భయం. ఆగలేనివాడి మీదే బరువు పడుతుంది. మళ్లీ శనగ దగ్గర చూసిన సూత్రమే ఇది, కాకపోతే రొయ్యకు కోల్డ్ స్టోరేజీ కూడా ఎగుమతిదారుడిదే.

1990ల నడుమ టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ వచ్చి మా తీరంలో ఎన్నో ఇళ్లు కూలిపోయాయి. 2009 తర్వాత వెనామీ వచ్చి మళ్లీ నిలబెట్టింది. రెండుసార్లూ జిల్లా సంపదంతా ఒకే జీవి మీద, ఎక్కువ భాగం ఒకే దేశపు కొనుగోలు మీద ఆధారపడింది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కూడా కొంతవరకు ఇదే దారి. బంగారు చుక్కలున్న ఆ నల్లరాయికి ప్రపంచంలో పేరుంది. అందులో చాలా భాగం దిమ్మెలుగానే ఓడలెక్కి చైనాలో పలకలవుతుంది. కోసి, పాలిష్ చేసిన విలువ ఎక్కడ కలుస్తుందో జీతాలూ అక్కడే పుడతాయి. పరిశ్రమ అంటే పెద్ద పొగగొట్టమే అనుకునే పిల్లలకు ఒంగోలు చుట్టూ ఉన్న పాలిషింగ్ యూనిట్లను చూపించి విలువ జోడింపు అంటే ఏంటో చెప్పాలి. ఆ చిన్న యూనిట్ల వాళ్లకు కూడా ఒక సంగతి తెలియాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే 2006 చట్టం ప్రకారం కొన్నవాడు 45 రోజుల్లోపల డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కుంది. ఆరు నెలలుగా పార్టీ డబ్బులు పంపలేదని టెన్షన్ పడేవాళ్లలో ఎందరికి ఈ హక్కు ఉందని తెలుసు?

పొగాకులో ఇంకో రకం పాఠం ఉంది. వర్జీనియా పొగాకుకు 1976లో ఏర్పాటైన పొగాకు బోర్డు ఉంది. ఆకును కాల్చి ఆరబెట్టే బ్యారన్‌కు రిజిస్ట్రేషన్, ఏటా ఎంత పండించాలన్న పరిమితి, టంగుటూరు, కొండపి, పొదిలి లాంటి చోట్ల వేలం కేంద్రాలు. బేళ్లు అమ్మిన డబ్బులోంచి బ్యాంకు అప్పు అక్కడే జమ చేసుకుంటారు. రైతుకు ఆ కోత కష్టంగా ఉంటుంది, కానీ ఆ హామీ ఉన్నందుకే బ్యాంకు అప్పు ఇస్తోంది. నల్లబర్లీ అనే ఇంకో రకం పొగాకుకు ఈ కట్టుబాటు లేదు. ముందు ఏడాది ధర చూసి విపరీతంగా వేశారు, 2025లో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, చివరికి రాష్ట్ర ప్రభుత్వమే తన సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. సప్లై, డిమాండ్ అని బోర్డు మీద రెండు గీతలు గీయడం కంటే ఈ రెండు పొగాకుల కథ చెబితే క్లాసులో ఒక్కరు కూడా నిద్రపోరు.

అప్పుల్లో ఇంకో చిక్కు ఫ్లాట్ వడ్డీ. బైకుకో, ట్రాక్టరుకో ఫైనాన్స్ తీసుకునేటప్పుడు "12 శాతమే సార్" అంటారు. లక్ష రూపాయలకు మూడేళ్లు, ఏడాదికి 12,000 చొప్పున 36,000 వడ్డీ, మొత్తం 1,36,000ను 36 నెలలతో భాగిస్తే వాయిదా 3,778. వినడానికి సూటిగా ఉంది. కానీ అసలు నెలనెలా తీరుతూ వస్తోంది, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే వేస్తున్నారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఇది 21 శాతం పైన పడుతుంది. 12 అని విన్న అప్పు మన ఊరి రెండు రూపాయలకు దగ్గరగా వచ్చి కూర్చుంది. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా వ్యక్తులకు రుణం ఇచ్చేముందు అన్ని చార్జీలతో కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో చెప్పే ముఖ్య వివరాల పత్రం, అదీ మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడగాలి. షోరూంలో కుర్రాడు ఫోన్‌లో చూపించే వాయిదా అంకె చూసి కాదు.

ఇదంతా తెలిసినా కౌలు రైతు పని అవదు. దీన్ని నేను దాచను. మా రెండు జిల్లాల్లో పొలం చేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది. ఆ సర్వే నంబరు మీద పంట రుణం ఆయన ఎప్పుడో తీసుకుని ఉంటాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తుంది, పొలం మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని అందులో స్పష్టంగా ఉంది. అయినా ఒప్పందం మీద సంతకం పెట్టడానికి యజమానులు జంకుతారు. కౌలు రైతుకు 24 శాతం తప్పనిది తెలివి తక్కువై కాదు. అతనికి కాగితం లేదు. శాతాలు నేర్చుకోమని అతనికి చెప్పి ఊరుకుంటే అది అన్యాయం. చదువుకున్న యజమానుల పిల్లలు, అంటే నా క్లాసులో కూర్చునేవాళ్లలో కొందరు, ఇంటికి వెళ్లి "నాన్నా, ఈ కార్డు మీద సంతకం పెడితే మన పొలం పోదు" అని చెప్పాలి. బ్యాంకింగ్ జ్ఞానం వల్ల ఒక కుటుంబానికి వెంటనే మేలు జరిగే చోటు ఇంతకంటే నాకు కనిపించలేదు.

కాగితం లేనివాళ్లకు బ్యాంకు అప్పు ఇవ్వలేదన్న మాటను ఈ నేలే ఒకసారి అబద్ధం చేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగలడంతో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపులక్ష్మి పేరుతో దాచడం మొదలుపెట్టారు. అదే కాలంలో నాబార్డు ఇలాంటి పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని చేపట్టింది. వాళ్ల దగ్గర పొలం కాగితం లేదు, బంగారం లేదు. ఒకరికొకరు హామీగా నిలబడ్డారు, వాయిదాలు కట్టారు. ఊళ్లో ఎవరు ఎలాంటివాళ్లో తెలియడం అప్పిచ్చేవాడి బలం అని ముందు చెప్పాను. ఆ బలాన్నే ఆడవాళ్లు సంఘంగా కూడి తమవైపు తిప్పుకున్నారు. ఇంత పెద్ద ఆర్థిక సంఘటన మన జిల్లాలో జరిగితే, మన పిల్లలు మైక్రోఫైనాన్స్ (పేదలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పులు) అనగానే బంగ్లాదేశ్ పేరు రాసి వస్తున్నారు. బంగ్లాదేశ్ పేరు రాయడం సరైందే. పక్కన దూబగుంట పేరు కూడా ఉండాలి.

నేను అడుగుతున్నవి చాలా మామూలు పనులు. ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఆ ఏడాది స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ ఎకరాల లెక్కన రాయాలి. మద్దతు ధరను క్వింటాలుకూ పుట్టికీ రెండు రకాలుగా రాయాలి. నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు, మూడు అంటే ఏడాదికి ఎన్ని శాతాలో ఒక పట్టిక వేయాలి. హైస్కూలు లెక్కల్లో శనగ నిల్వ లెక్క, ఫ్లాట్ వడ్డీ లెక్క పెట్టాలి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు బీరువాలో ఉన్న నోట్లు, గోల్డ్ లోన్ రసీదులు, సొసైటీ బాండ్లు బయటికి తీసి, ఏ అప్పు ఎంత శాతమో, ఏ పొదుపుకు బీమా ఉందో ఒక కాగితం మీద రాయాలి. ఖరీదైన అప్పు పైన, చవకది కింద. పంట డబ్బు రాగానే పైనుంచి తీర్చుకుంటూ రావాలి.

బ్యాంకు రెండు లక్షల లోపు రుణానికి కూడా తాకట్టు అడిగితే, లేదా దరఖాస్తు తీసుకోకుండా తిప్పి పంపితే, ముందు ఆ బ్రాంచిలోనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఎలా పంపాలో అడగడానికి 14448కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు రాయడం రాని పెద్దవాళ్లకు మీ ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు రాసిపెట్టండి. నా దగ్గర చదివేవాళ్లకు ఈ ఏడాది నుంచి నేనిస్తున్న ప్రాజెక్టు అదే.